చిత్రకళయు జీవనోపాధియు: చెన్నపట్టణపు పాఠశాల కథ



గడచిన వేసవిలో మా ఊరి పెద్దరైతు ఒకరు మా అరుగు మీదికి వచ్చి కూర్చుండి, ఎండలను గూర్చియు కాలువ నీటిని గూర్చియు చాలసేపు మాటలాడి, తుదకు అసలు సంగతి బయటపెట్టిరి. "మాస్టారూ, మా మనవడు ఇంటరు ప్యాసయ్యాడు. ఇంజనీరింగు వద్దంట. బొమ్మల కాలేజీలో చేరతాడంట. మీరు ముప్పై ఏళ్లు డ్రాయింగు చెప్పినవారు. దాచకుండా ఒక్క మాట చెప్పండి. బొమ్మలు నేర్చుకున్నవాడు ఏం తిని బతుకుతాడు?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. నా పదునెనిమిదవ యేట మా తండ్రిగారు నన్నడిగిన ప్రశ్నయు ఇదియే. ఆనాడును నాకు జవాబు తోచలేదు. ఆ సంగతి పిమ్మట చెప్పెదను. ఈ ప్రశ్న మన యిండ్లలోనే కాదు, ఒక పెద్ద పాఠశాలలో నూటడెబ్బదియైదేండ్లుగా నలుగుచునే యున్నది. అక్కడి అధిపతులలో ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా జవాబు చెప్పిరి. ఆ కథను మీకు చెప్పిన, మా రైతుగారికి నేను చెప్పవలసిన మాట కూడ అందులోనే దొరకునేమో యని తలచి నేడు మీ ముందుకు వచ్చితిని.

ఆ పాఠశాల చెన్నపట్టణమున ఎగ్మూరు దరి, పూనమల్లి రోడ్డు మీద నున్నది. మన పెద్దలు దానిని ఆర్ట్సు స్కూలు అనెడివారు. నేడది ప్రభుత్వ లలితకళా కళాశాల. సంగీత లలితకళలకై తమిళనాడులో 2013 లో ఏర్పడిన విశ్వవిద్యాలయమునకు అనుబంధమై యున్నది. ఒకనాడు మన కోస్తా జిల్లాలకును రాయలసీమకును చెన్నపట్టణమే రాజధాని గావున, ఈ కథ మనకు పరాయిది కాదు.

దానిని స్థాపించినవాడు చిత్రకారుడు కాడు, వైద్యుడు. డాక్టరు అలెగ్జాండరు హంటరు అను దొర సైన్యమున శస్త్రవైద్యుడుగా నుండి, 1850 లో పోఫామ్సు బ్రాడ్వే వీథిలో తన సొంత ఖర్చుతో ఒక చిత్రకళాశాల తెరచెను. మరుసటి యేట చేతిపనుల శాఖ నొకదానిని దానికి చేర్చెను. కొద్ది యేండ్లలోనే దొరతనమువారు రెంటిని తమ పాలనలోనికి తీసికొనిరి. బొమ్మలు గీయుట ఒక గదిలో, ఇటుకలు, పెంకులు, కుండలు చేయుట ప్రక్క గదిలో జరుగుచుండెను. గీత నేర్చినవాడు చక్కని కూజా చేయగలడనియు, కూజా చేయువానికి గీత వచ్చిన వాని పనికి ఎక్కువ వెల పలుకుననియు హంటరు నమ్మకము. ఛాయాచిత్రములు లోకములో క్రొత్తగా వచ్చిన రోజులవి. 1856 లో చెన్నపట్టణమున ఫోటోగ్రాఫర్ల సంఘము స్థాపించినవారిలో ఇతడును ఒకడు. ఆ విద్యను తన పాఠశాలలోనికి కూడ తెచ్చెను. అనగా రేపటి పని యేదో దానిని నేడే నేర్పవలెనను తలంపు ఆనాడే యుండెనన్నమాట.

అయితే నేర్పిన పద్ధతి యంతయు మెచ్చదగినది కాదు. లండనులోని సౌత్ కెన్సింగ్టను పద్ధతి ననుసరించి, సున్నపు అచ్చులతో పోతపోసిన గ్రీకుదేశపు ఆకులను, తీగలను, ముక్కులను, చెవులను ముందుంచుకొని నెలల తరబడి నకలు దించవలెను. ఇంటి వద్ద తండ్రి ప్రక్కన కూర్చుండి నటరాజ విగ్రహమునకు మైనపు ముద్ద చేయగల కుఱ్ఱవాడు ఇక్కడికి వచ్చి ఎన్నడును చూడని ఆకును దించుచు కూర్చుండుటను తలచుకొన్న నాకు నేటికిని నవ్వు వచ్చును. కోపము కూడ వచ్చును. కాని ఒక్కటి యొప్పుకొనవలెను. ఉన్నదానిని ఉన్నట్లు చూచుటకు కన్నును అలవరచు పని ఆ సున్నపు బొమ్మలు చేసినవి.

చెన్నపట్టణ విశ్వవిద్యాలయపు సెనేటు భవనమును కట్టిన చిజమ్ దొర కొంతకాలము ఈ పాఠశాల నడిపెను. 1884 లో హావెల్ దొర వచ్చెను. ఈ దేశపు పనివానికి ఈ దేశపు శిల్పమే గురువని నమ్మి, దక్షిణదేశమున తిరిగి నేతగాండ్రను, కంచరులను, దారుశిల్పులను చూచి వారి పనులను గూర్చి వ్రాసెను. తరువాత కలకత్తా చేరి అవనీంద్రనాథ ఠాకూరుగారితో కలిసి వంగదేశపు నూతన చిత్రకళకు దోహదము చేసినవాడు ఇతడే.

ఇక మన వంటయిండ్లలోనికి వచ్చిన కథ చెప్పెదను. 1890ల చివర ఆల్ఫ్రెడ్ చాటర్టను అను ఇంజనీరు ఈ పాఠశాలకు అధిపతి యయ్యెను. చిత్రకళాశాలకు ఇంజనీరేమిటి యని కొందరు ముక్కున వ్రేలు వేసికొని యుందురు. అప్పటికి మన యిండ్లలో రాగి, ఇత్తడి పాత్రలే యుండెడివి. వానికి మాటిమాటికి కళాయి పూయింపవలెను. కళాయి పోయిన పాత్రలో పులుసు కాచిన చిలుము పట్టి కడుపు చెడును. సత్తు అని మనము పిలుచు అల్యూమినియము అప్పుడు క్రొత్త లోహము. తేలికయైనది, కళాయి అక్కరలేనిది. చాటర్టను 1898 లో ఆ రేకును తెప్పించి పాఠశాల పనిగదులలో పాత్రలు చేయించుట మొదలుపెట్టెను. దబరలు, గిన్నెలు, చెంబులు, మన యింటి ఆడువారు ఏ ఆకారము వాడుదురో ఆ ఆకారమే. క్రొత్త లోహమునకు పాత రూపము. రూపకల్పన యని నేడు పెద్ద పేరుతో చెప్పు విద్యలో ఇది సగము పాఠము. దుకాణమున క్రొత్త వస్తువు నమ్ముడు పోవలెనన్న కొనువాని చేతికి అది పాత చుట్టమువలె తోచవలెను.

ఆ పాత్రలు నమ్ముడు పోయినవి. 1903 లో ఆ వ్యాపారమునంతటిని ఇండియన్ అల్యూమినియము కంపెనీ కప్పగించిరి. మన పల్లెలో కూలివాని గుడిసెకు కూడ సత్తు గిన్నె వచ్చుటకు మొదటి మెట్లలో ఒకటి ఒక బొమ్మల బడి యని ఎందరికి తెలియును? పులుసు కాచిన సత్తు గిన్నెయు నల్లబడునని మా అమ్మగారు సణుగుకొనెడివారు. ఆ లోపమును ఏ పాఠశాలయు తీర్చలేదు.

అంతటితో అతడు ఊరకుండలేదు. కపిలబానలు వాడిన పెద్దలు మీలో కొందరైన నుందురు. ఎద్దులు దిగువకు నడచుచుండగా బావినుండి నీటితో పైకి వచ్చు ఆ తోలు తంగేడు చెక్కతో ఊనినది. నిత్యము నీటిలో నాని త్వరగా చివికిపోవును. క్రోమియపు లవణములతో ఊనిన తోలు నీటికి లొంగదని పడమటి దేశములవారు కనుగొనియుండిరి. 1903 ప్రాంతమున ఆ పద్ధతిని ఈ పాఠశాలలో పరీక్షించి, రైతుల కపిలలకు పనికివచ్చు తోలును చేయించిరి. చిత్రకళాశాల యావరణలో తోళ్లూనుట! వాసన ఎట్లుండెనో ఊహించుకొనుడు. కాని వస్తువును చేయునపుడు అది ఎవరికొఱకు, ఎక్కడ, ఏ నీటిలో, ఏ ఎండలో పనిచేయవలెనో తెలిసికొనుట కంటె పెద్ద కళ నాకు తెలియదు.

దీనికి అడ్డు వచ్చినవారు చిత్రకారులు కారు, వర్తకులు. దొరతనమువారు బడి పేరుతో వ్యాపారము చేసిన మా దుకాణములేమి కావలెనని యూరపియను వర్తకులు మొరపెట్టుకొనిరి. 1910 లో లండనులోని మంత్రి మార్లేప్రభువు, ప్రభుత్వము పని నేర్పవచ్చును గాని వర్తకము నడుపరాదని ఆజ్ఞాపించెను. వర్తకుల భయమునకు కారణము లేకపోలేదు. అయినను చేసిన వస్తువు అంగడిలో అమ్ముడు పోవునా లేదా యని చూడకుండ పని నేర్చుట, నీటిలో దిగకుండ ఈత నేర్చుట వంటిదని నా తలంపు.

ఆ తరువాతి అధిపతి హాడవే దొరను మన తెలుగువారు ప్రత్యేకముగా తలచుకొనవలెను. చెన్నరాజధానిలోని వస్త్రచిత్రణమును, అద్దకమును గూర్చి ఆయన ఒక పెద్ద గ్రంథము సిద్ధపరచగా అది 1917 లో అచ్చయినది. మచిలీపట్నపు అద్దకమును, కాళహస్తి కలంకారియు ఎరిగినవారికి ఆ గ్రంథము చూచిన కన్నులు చెమర్చును. కరక్కాయ రసమును పాలను పట్టించి గుడ్డను సిద్ధము చేయుట, ఇనుమును బెల్లమును ఊరవేసి నలుపు తీయుట, పటిక పూసిన చోటనే చిరివేరు ఎఱుపెక్కుట, ఇవన్నియు మన పనివారు తాతల నాటినుండి చేయుచున్నవే. సీమ మిల్లుల గుడ్డ వచ్చి వారి పొయ్యి ఆర్పుచున్న కాలమున ఒక కళాశాల అధిపతి ఆ నమూనాలను సేకరించి పుస్తకములో నిలిపెను. పుస్తకము వారి కడుపు నింపలేదు. నమూనా మిగిలినది.

1929 లో దేవీప్రసాద్ రాయ్ చౌదరిగారు అధిపతి యైరి. ఆ పీఠ మెక్కిన మొదటి భారతీయుడాయన. వంగదేశీయుడు, అవనీంద్రనాథుని శిష్యుడు, మల్లయుద్ధమున ఆరితేరినవాడు, వేటకాడు. సున్నపు బొమ్మల ముందునుండి విద్యార్థులను లేపి, నడచుచున్న మనుష్యుని, శ్రమించుచున్న శరీరమును చూడుడనెను. చెన్నపట్టణపు సముద్రతీరమున 1959 లో నిలిపిన "శ్రమవిజయము" విగ్రహమును మీలో చాలమంది చూచియుందురు. నలుగురు కూలీలు పెద్ద బండను దొర్లించుచుందురు. దానికి ఆదర్శముగా నిలిచినవారిలో ఆ పాఠశాల కావలివాడొకడు. పాట్నాలో 1942 ఉద్యమమున ప్రాణములర్పించిన యేడుగురు యువకుల విగ్రహములు కూడ ఆయన పనియే. విజయనగరమున ఎందరికో చిత్రకళ నేర్పిన అంట్యాకుల పైడిరాజుగారు ఆయన శిష్యులే.

ఆయన కాలమున చేరిన మరియొక కుఱ్ఱవానిని మీరెరుగుదురు, పేరు తెలియకపోయినను. భుజము మీద శవము, చేత కత్తి, చీకటిలో నడచు విక్రమార్కుడు. చందమామలోని ఆ బొమ్మ గీసిన కె. సి. శివశంకరన్ గారు, శంకర్ అను సంతకముతో తెలుగు పల్లెలన్నిటికిని పరిచితులు, ఈ పాఠశాల విద్యార్థియే. 1950ల తొలినాళ్లలో చందమామలో చేరి, అర్ధశతాబ్దికి పైగా గీసి, 2020 లో తొంబదియారేండ్లు దాటి కన్నుమూసిరి. నెలనెలకు పత్రిక వెలువడవలెను. కథ నేడు వచ్చును, బొమ్మ రేపటికి కావలెను. "నాకు స్ఫూర్తి కలుగలేదు" అనుటకు వీలులేదు. ఏనుగును ఏ ప్రక్కనుండి యడిగినను, కోటను ఏ యెత్తునుండి యడిగినను, చూడకుండ గీయవలెను. పాఠశాలలో చూచి చూచి గీచిన వేల గీతలు అప్పుడు కూడబెట్టిన ధాన్యమువలె అక్కరకు వచ్చును. ఆ పత్రిక నేడు వెలువడుట లేదు. ఆ బొమ్మను మాత్రము మా మనుమలు కూడ గుర్తుపట్టుచున్నారు.

ఇంతవరకు విని, బొమ్మలవారందరు సుఖముగా బ్రతికిరని మీరనుకొనిన నేను అబద్ధమాడినవాడ నగుదును. 1957 లో అధిపతి యయిన కె. సి. ఎస్. పణిక్కరుగారికి ఈ బాధ బాగుగా తెలియును. ఆయనయు తంతిశాఖలో ఉద్యోగము చేసి, దానిని విడిచి, 1936 లో విద్యార్థిగా చేరినవారు. తన చేతుల మీదుగా బయటికి వెళ్లిన పిల్లలలో గట్టివారు కూడ కూటికొఱకు ఏదో ఉద్యోగమున చేరి కుంచె మానుకొనుట ఆయన కన్నులార చూచిరి. చేతిపని వేరు, చిత్రకళ వేరు అను గోడ మధ్య నున్నంతకాలము ఇట్లే జరుగునని తోచి, చిత్రకారులను కూడగట్టి 1963 లో చేతిపనుల సంఘమొకటి పెట్టించిరి. పగలు చిత్రములు, సాయంకాలము మైనపు అద్దకపు గుడ్డలు, తోలు పనులు, లోహపు పనులు. వానిని అమ్మిన డబ్బుతో చెన్నపట్టణమునకు దక్షిణమున ఇంజంబాక్కము వద్ద ఇసుకనేల కొని, 1966 లో చోళమండలమను చిత్రకారుల పల్లెను కట్టుకొనిరి. ఆ నేల కొనుటకు వారు ప్రభుత్వము ముందు చేయి చాపలేదు. ఆ పల్లె నేటికిని ఉన్నది. అద్దకపు గుడ్డ అమ్మి పొలము కొన్న చిత్రకారులను చూచిన, మా రైతుగారు కూడ తలయూపుదురని నా నమ్మకము.

పణిక్కరుగారి శిష్యులలో తూర్పుగోదావరి జిల్లావారు ఎం. రెడ్డెప్పనాయుడుగారు మన దేవతామూర్తులను క్రొత్త గీతలలో చిత్రించి పేరుగాంచిరి. చేనేతవారికి నూతన నమూనాలు సమకూర్చుటకై 1956 లో నెలకొల్పిన నేతసేవా కేంద్రములలో ఆదిమూలముగారు మొదలగు ఈ కళాశాల శిష్యులు పనిచేసిరి. సినిమారంగమునకు వెళ్లినవారు మరికొందరు. తోట తరణిగారి పేరు వినియుందురు. తండ్రి వేంకటేశ్వరరావుగారును కళాదర్శకులే. తరణిగారు ఈ కళాశాలలో కుడ్యచిత్రణము నేర్చి, 1987 లో వచ్చిన "నాయకన్" చిత్రమునకై బొంబాయిలోని ధారావి పేటను చెన్నపట్టణమున కట్టి చూపి, జాతీయ బహుమానము పొందిరి. రేకుల కప్పు, మురికి కాలువ, తడి గోడ, ఇవన్నియు నిజమని చూచువారు నమ్మవలెను. ఇదియు పరకాయ ప్రవేశమువంటి విద్యయే.

మరి కూలిపోయిన బ్రతుకులో? చెన్నపట్టణపు వీథులలో మూడంతస్తుల యెత్తున సినిమా బొమ్మలు చేతితో వ్రాసి వందల కుటుంబములు బ్రతికెడివి. ఇరువదియైదేండ్ల క్రిందట యంత్రముతో అచ్చువేయు ఫ్లెక్సీలు వచ్చి, నాలుగైదేండ్లలో ఆ పని అడుగంటినది. ఫోటో చూచి పెద్దది చేయుట యంత్రము కూడ చేయును. ఏమి గీయవలెనో ఆలోచించువాడు మరియొక దారి వెదకికొనెను. కాని కుంచె పట్టిన ప్రతివానికిని ఆలోచించుట నేర్చుకొను అవకాశమెవ్వరిచ్చిరి? వారి తప్పని నేననజాలను.

నేటి కళాశాలలో చిత్రలేఖనము, శిల్పము, అచ్చుచిత్రములతోపాటు, వస్త్రముల రూపకల్పనకును, మృణ్మయ వస్తువుల రూపకల్పనకును, ప్రకటనలు, పుస్తకములు, తెరబొమ్మలు మొదలగు దృశ్యప్రచారమునకును వేర్వేరు శాఖలున్నవి. చేర్చుకొనుటకు ముందు గీయించి చూతురు. చదువు నాలుగేండ్లు. మన తెలుగునాట హైదరాబాదులో 1940 లో మొదలైన లలితకళాశాల, 2008 లో ఏర్పడిన జవహర్లాల్ నెహ్రూ వాస్తు లలితకళల విశ్వవిద్యాలయమున చేరినది. కడపలో 2020 లో ఇట్టి విశ్వవిద్యాలయమే మరియొకటి వెలసినది. కదలు బొమ్మలు చేయుట మొదలు అంగడి పెట్టె మీది అక్షరము దిద్దుట వరకు పని కలదు. మీరు కొనిన విత్తనపు సంచి మీది బొమ్మను కూడ ఎవరో ఒకరు కూర్చుండి కూర్చినదే.

నా సంగతి చెప్పెదనంటిని. 1968 లో చెన్నపట్టణపు కళాశాలకు దరఖాస్తు కాగితము తెప్పించుకొని పెట్టెలో దాచుకొంటిని. మా తండ్రిగారు దానిని చూచి, కోపపడక, మా రైతుగారి ప్రశ్ననే యడిగిరి. చందమామ బొమ్మ చూపినచో చాలునని అప్పుడు నాకు తోచలేదు. లోయరు, హయ్యరు డ్రాయింగు పరీక్షలు మాత్రము ప్యాసయి మాస్టరు నైతిని. ఒక పాఠశాలలో పరీక్షలు దగ్గరపడగానే నా గంటను లెక్కల కిచ్చివేసెడివారు. నేను నల్లబల్ల తుడిచి బయటికి వచ్చి వేపచెట్టు క్రింద కూర్చుండెడివాడను. ఎవరి మీదను ఫిర్యాదు లేదు. ఆ చెట్టును మాత్రము నాలుగు వందల సార్లయినను గీసియుందును.

ఈ కథ యంతయు రెండు సాయంకాలములలో మా రైతుగారికి చెప్పితిని. కపిలతోలు మాట వచ్చినపుడు ఆయన నిటారుగా కూర్చుండిరి. చేనేతవారి నమూనాలను గూర్చి రెండుమారులడిగిరి. మనుమని చదువు సంగతి మాత్రము ఎత్తలేదు.

మూడవనాడు ఆయనయే నన్ను తమ యింటికి పిలిపించిరి. పశువులపాక ముందు కుఱ్ఱవాడు కాగితము పరచుకొని ఒంగోలు ఎద్దును గీయుచుండెను. తాత వెనుక నిలుచుండి, "మూపురం ముందుకు రావాలిరా. అట్టా వెనక్కి పోతే అది కాడి మొయ్యదు" అనెను. వాడు ఎద్దు వంక చూచి, చెరిపి, మరల గీసెను. "గంగడోలు ఇంకా కిందికి" అనెను. మరల చెరిపెను. నాలుగవ కాగితము తీయునప్పటికి ప్రొద్దు గ్రుంకినది. పెద్దాయన లోపలికి పోయి దీపము తెచ్చి, ఎద్దు మొగము మీద వెలుగు పడునట్లు ఎత్తి పట్టుకొనెను. వారిద్దరును నన్ను మరచిరి. నేను మెల్లగా లేచి ఇంటికి వచ్చితిని.